పౌరగ్రంథాలయములందు గ్రంథగోష్ఠి: దాని నిర్వహణ క్రమము

గోష్ఠి యను మాట మనకు గ్రొత్తది కాదు. ఆవులు నిలుచు తావునకు గోష్ఠమని పేరు. దానికి జేరిన గోష్ఠీశబ్దము పిమ్మట మనుష్యులు కూడి మాటలాడుకొను సభకు జెల్లినది. అమరసింహుడు దీనిని సభ, సమితి, పరిషత్తు మున్నగు పదములతో బర్యాయముగా జేర్చి చెప్పెను. వాత్స్యాయనుడు కామసూత్రములందు నాగరకుని నడవడిని వర్ణించుచు గోష్ఠికి లక్షణము గూడ జెప్పియున్నాడు. విద్య, బుద్ధి, శీలము, ధనము, వయస్సు అను వీనియందు సమానులైనవారు ఒకచో గూర్చుండి తమకు దగిన సంభాషణములతో బ్రొద్దుపుచ్చుట గోష్ఠి యని యాతని మతము. గోష్ఠులయందు కేవల సంస్కృతముననే గాని కేవల దేశభాషనే గాని మాటలాడనివాడు లోకమున బహుమానము నొందునని యాతడే హితవు చెప్పెను.

ఈ లక్షణమున రెండవభాగము నేటికిని బనికివచ్చునదియే. మొదటిభాగము మాత్రము పౌరగ్రంథాలయమునకు బొసగదు. ఏలయన, పౌరగ్రంథాలయము సమానుల కూటమి కాదు. చెన్నరాజధానియందు 1948లోను, హైదరాబాదు రాష్ట్రమునందు 1955లోను, ఆంధ్రప్రదేశమునందు 1960లోను గ్రంథాలయచట్టము లేర్పడినవి. ఈనాటి రెండు తెలుగు రాష్ట్రములందును 1960 నాటి చట్టమే మూలాధారము. ఆ చట్టమును బట్టి స్థానికసంస్థలు ఇంటిపన్నుతో గూడ గ్రంథాలయసుంకమును వసూలు చేయుచున్నవి. కావున గ్రంథాలయద్వారము ప్రజలందఱకును దెఱచియుండవలసినదే. అచ్చటికి ఉద్యోగము విరమించిన యుపాధ్యాయుడును, దుకాణమున లెక్కలు వ్రాయువాడును, కళాశాలలో జదువు బాలికయు, గృహిణియు, రైతును వత్తురు. వీరికి విద్య యందు సామ్యము లేదు, వయస్సునందు లేదు, ధనమునందు లేదు. మఱి వీరితో గోష్ఠి యెట్లు కుదురును?

కుదురునని యీ వ్యాసమున బ్రతిపాదింపబడుచున్నది. దాని కొక్క నియమము చాలును: విద్యాసామ్యము లేనిచోట పాఠసామ్యము నేర్పఱుపవలయును. అనగా, అందఱును ఒకే గ్రంథమును, ఒకే భాగమును, సాధ్యమైనంతవఱకు ఒకే ముద్రణమును జదివి వచ్చి, గ్రంథమును జేత బట్టుకొని కూర్చుండవలయును. గోష్ఠి నిర్వహణమునకు సంబంధించిన తక్కిన నియమములన్నియు నీ యొక్క నియమమునుండి పుట్టునవియే.

ఇది యిపుడేల యావశ్యకమో మొదట జెప్పవలసియున్నది. 1914 సంవత్సరము ఏప్రిలు 10వ తేదిని బెజవాడయందు చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి యధ్యక్షత క్రింద బ్రథమ గ్రంథాలయమహాసభ జరిగి యాంధ్రదేశ గ్రంథాలయసంఘ మేర్పడినది. మఱుసటి యేట 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక వెలువడినది. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము పుట్టినది. అంతకు ముందే 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడియుండెను. ఆ తరమువారి కష్టము గ్రంథములను గూర్చుటకును, వానికి నీడ గల్పించుటకును సరిపోయినది. నేడు మందిరములున్నవి, గ్రంథములున్నవి. పఠనశాలలు నిండియే యున్నవి గాని, నిండియున్నవారిలో బెక్కండ్రు పోటీపరీక్షల కభ్యసించుచు, తమ పుస్తకములను దామే తెచ్చుకొని, కుర్చీని, దీపమును మాత్రమే గ్రంథాలయమునుండి గ్రహించుచున్నారు. ఇందు వారి దోషమేమియు లేదు. కాని ప్రక్కనున్న బీరువాలలోని కావ్యములును, నాటకములును, నవలలును దెఱచువారు లేక దుమ్ముపట్టియున్నవి. రంగనాథన్‌గారు 1931లో బ్రకటించిన యైదు గ్రంథాలయసూత్రములలో మూడవది, ప్రతి గ్రంథమునకును దాని పఠిత యుండవలయుననునది. బహుకాలము పఠిత లేని గ్రంథము, అఱలలో జోటు చాలనినాడు, మొట్టమొదట బయటికి బోవును. దానిని బండితుల ప్రశంస కాపాడజాలదు. చదివి మఱల నొకనికి జెప్పు పఠితయే కాపాడగలడు. గ్రంథగోష్ఠి యట్టి పఠితలను సమకూర్చు నుపాయము.

గ్రంథగోష్ఠికిని మన దేశమున జిరకాలముగా నున్న పురాణకాలక్షేపమునకును భేదము తెలిసికొనవలయును. పురాణమునందు బౌరాణికుడొక్కడు చదివి యర్థము చెప్పును, తక్కినవారు విందురు. గ్రంథము వాని చేతిలో మాత్రమే యుండును. చదువురానివారికి సైతము భారతభాగవతములను జేర్చిన యీ పద్ధతి యెంతయు గొనియాడదగినది. కాని దానివలన శ్రోతలు పెరుగుదురుగాని పఠితలు పెరుగరు. ఉపన్యాససభ యట్లే. వేదికయు, అధ్యక్షుడును, పూలమాలయు, వందనసమర్పణమును వచ్చినచోట గ్రంథము చదివినవాడును జదువనివాడును సమానముగా జప్పట్లు కొట్టి యిండ్లకు బోవుదురు.

నైయాయికులు చెప్పిన కథాభేదములు మూడును ఇక్కడ స్మరణీయములు. తత్త్వమును దెలిసికొనగోరి చేయు సంభాషణము వాదము. గెలుపుకొఱకు జేయునది జల్పము. తన పక్షమును స్థాపింపక పరపక్షమును ఖండించుటయే పనిగా బెట్టుకొన్నది వితండ. గోష్ఠి వాదమునకు జేరినది. అయినను వాదమునందువలె గోష్ఠియందు నిర్ణయము జరిగితీఱవలయునను నియమము లేదు. ఒక ప్రశ్న తేలక మిగిలినచో సభ్యులు గ్రంథమును మఱల దెఱతురు. అదియే ఫలము.

ఇతరదేశములయందు నీ విషయమున బొందిన యనుభవము మనకు గొంత యుపకరించును. అమెరికాయందు ఫిలడెల్ఫియా నగరమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1727లో 'జంటో' అను నొక గోష్ఠిని నెలకొల్పెను. అందలి సభ్యులలో బెక్కుమంది చేతిపనులవారు. నిశ్చయముగా నిదియే సత్యమని పలుకుటయు, ఎదుటివానిని ముఖముమీద ఖండించుటయు నచట నిషిద్ధములై, వానికి స్వల్పమైన జరిమానా గూడ విధింపబడెను. ఆ కూటమినుండియే 1731లో నొక చందాగ్రంథాలయము పుట్టినది. స్వీడను దేశమున లుండ్ పట్టణమునందు 1902లో ఆస్కార్ ఓల్సన్ అధ్యయనవలయముల నారంభించెను. వలయమువారు చదువుటకు గొన్న పుస్తకములే పిమ్మట గ్రంథాలయము లయ్యెను. 1947లో షికాగోయందు హచిన్స్, ఆడ్లర్ అను విద్వాంసులు మహాగ్రంథముల పఠనమునకై యొక సంస్థను స్థాపించిరి. ఆ గోష్ఠులయందు గ్రంథభాగమును జదువనివారు మాటలాడరాదు. నిర్వాహకుడు ప్రశ్నించుటయే కాని సమాధానము చెప్పరాదు. ఈ మూడుచోట్లను గనబడు సామాన్యధర్మ మొక్కటియే: అధికవిద్యగలవాని నాలుకకు గట్టుబాటును, అల్పవిద్యగలవాని నాలుకకు ధైర్యమును గల్పించుట.

ఇక నిర్వహణక్రమము. సభ్యులు ఎనిమిదిమందికి దగ్గకయు, పదునైదుగురికి మించకయు నుండుట మేలు. అంతకు దగ్గినచో నిద్దఱు రానినాడు సంభాషణము సాగదు. మించినచో బిడియపడువారు నోరు మెదపరు. మాసమున కొకమాఱు, ఒకే వారమున, ఒకే వేళకు గూడవలయును. తేది మాఱుచుండినచో గోష్ఠి నిలువదు. వేళను నిర్ణయించునపుడు ఇంటిపనులుగల స్త్రీలకును, దూరమునుండి వచ్చువారికిని ననుకూలమగు సమయమేదో యడిగి నిర్ణయించుట న్యాయము. ఒక గంటన్నర చాలును. పఠనశాలలోని నిశ్శబ్దమునకు భంగము కలుగకుండ వేఱుగదిలోగాని, పఠనవేళ ముగిసిన పిమ్మటగాని జరుపవలయును. కుర్చీలు వలయముగా వేయవలయును, అధ్యక్షపీఠ ముండరాదు.

గ్రంథమును ఎంచుట యన్నిటికంటె గష్టమైన పని. దీనికి మూడు పరీక్షలు చాలును. మొదటిది, మాసములోపల పని చేసికొనుచునే చదివి ముగింపదగిన పరిమాణ ముండవలయును. రెండవది, సభ్యుల సంఖ్యకు దగిన ప్రతులు దొరకవలయును. ఒక శాఖలో రెండు ప్రతులే యున్నచో, జిల్లా గ్రంథాలయసంస్థవారి నడిగి యితరశాఖల ప్రతులను మాసమునకు ముందుగా దెప్పించుకొనవలయును. మూడవది ముఖ్యమైనది: బుద్ధిమంతులైన యిద్దఱు దానిని జదివి భిన్నాభిప్రాయులగుట కవకాశముండవలయును. అందఱును మెచ్చుకొనుటతప్ప మఱేమియు జేయజాలని గ్రంథము పూజకు దగినది కావచ్చును, గోష్ఠికి దగదు.

పాఠసామ్యమును గూర్చి పరిశోధకులకు వేఱుగ జెప్పనక్కఱలేదు గాని, సామాన్యపఠితలు దీని నెఱుగరు. 'కన్యాశుల్కము' 1892లో బ్రదర్శింపబడి 1897లో అచ్చయినది. 1909లో గురజాడ అప్పారావుగారు దానిని మిక్కిలి మార్చి పెంచి మఱల బ్రకటించిరి. ఒకరు తొలికూర్పును, ఒకరు మలికూర్పును జదివి వచ్చినచో వారు రెండు నాటకములను గూర్చి మాటలాడుచుందురు. వేమనపద్యము లన్ననో, బ్రౌనుదొర 1829లో బ్రకటించిన కూర్పు మొదలుకొని నేటివఱకు బద్యసంఖ్యయందును, పాఠమునందును గూర్పునకు గూర్పునకు భేదమున్నది. అందుచే ఏ ముద్రణమో ముందుగా బ్రకటనపలకమీద వ్రాసియుంచవలయును. భేదము తప్పనిచోట దానినే ప్రశ్నగా జేసికొని, ఈ రెండు పాఠములలో నేది యుచితమని యడుగవచ్చును. పాఠపరిష్కరణమన నేమో సామాన్యపఠితకు దెలియుట కింతకంటె సులభమైన త్రోవ లేదు.

ప్రశ్నలను నిర్వాహకుడు ముందుగా వ్రాసికొని రావలయును. అవి మూడు తెఱగులు. గ్రంథమున నేమున్నదని యడుగునవి మొదటి తెఱగు. అట్లుండుటకు భావమేమని యడుగునవి రెండవ తెఱగు. అది మనకు సమ్మతమా యని యడుగునవి మూడవ తెఱగు. ఈ క్రమమును దప్పరాదు. మూడవదానితో నారంభించినచో గ్రంథము మూతపడి, సభ్యులు ఇంటికడనే తెచ్చుకొన్న యభిప్రాయములతో బోరాడుదురు. మొదటిదానియందే నిలిచిపోయినచో గోష్ఠి పరీక్షగా మాఱును. పాఠశాలయందు బండితులు సమాధానము తామెఱిగియే ప్రశ్నింతురు. అచ్చట నది ధర్మము. గోష్ఠియందు నిర్వాహకునికి సమాధానము నిజముగా సందిగ్ధమైన ప్రశ్నయే ప్రశ్న. అడిగిన పిమ్మట నిశ్శబ్దము కలిగినచో దానిని సహింపవలయును. ఆలోచించువానికి గొంత కాలము పట్టును. ఆ కాలమును నిర్వాహకుడు తన మాటలతో నింపినచో రెండవమాఱు ఎవ్వరు నాలోచింపరు.

ఉదాహరణముగా గందుకూరి వీరేశలింగము పంతులుగారి 'రాజశేఖరచరిత్రము'ను దీసికొందము. ఇది 1878లో 'వివేకవర్ధని' పత్రికయందు వెలువడ నారంభించి 1880లో గ్రంథరూపమును దాల్చినది. గోల్డ్‌స్మిత్ 1766లో బ్రకటించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' దీనికి బ్రేరకము. హచిన్సన్ అను నాంగ్లేయుడు దీనిని భాషాంతరీకరింపగా 'ఫార్చ్యూన్స్ వీల్' అను పేర 1887లో లండనునందు అచ్చయినది. ఈ విషయములన్నియు బండితుడు పది నిమిషములలో జెప్పగలడు. మొదటనే చెప్పినచో గోష్ఠి యచ్చటితో ముగిసినట్లే. ఏలయన, తామేమి చెప్పినను దక్కువయే యని తక్కినవారు తలంతురు. అట్లుగాక, ధవళగిరి వర్ణనముగల మొదటిపుటను ఒకరిచే బిగ్గరగా జదివింపవలయును. దీర్ఘవాక్యములకు జంకు నవీనపఠితకు జెవి యలవాటుపడును. పిమ్మట, బంగారము చేసెదనని చెప్పిన బైరాగికి రాజశేఖరుడు తన యింటి బంగారు వెండిని ఎట్లొప్పగించెనో గ్రంథమున జూపుడని యడుగవలయును. తరువాత, అతనిని జెఱిచినది బైరాగి కపటమా, పొగడ్తలకు మరిగిన తన చెవియా, తఱిగిన ధనమును ద్వరలో గూర్చుకొనవలెనను నాతురతయా యని యడుగవలయును. కడపట, మూఢవిశ్వాసములను ఖండింపబూనిన గ్రంథమునందు గష్టములు రాజానుగ్రహముచే దీఱుట యా గ్రంథాశయమునకు బలమా, కొఱతయా యని యడుగవలయును. ధనమును రెట్టింపు చేసెదమను మోసములు నేడును గలవు గనుక సభ్యులు వానిని దప్పక ప్రస్తావింతురు. ప్రస్తావింపనిచ్చి, అచ్చటనుండి మఱల బుటకు దీసికొనివచ్చుటయే నిర్వాహకుని నేర్పు.

పండితునికి గోష్ఠియందు స్థానము లేదా యని యడుగవచ్చును. ఉన్నది, అది గొప్పస్థానము గూడ. తెలియని పదమునకు అడిగినపుడు అర్థము చెప్పుట, గతించిన యాచారమును వివరించుట, పాఠభేదమును జూపుట యనునవి వాని పనులు. కాని మొదటి యర్ధగంట యాతడు మౌనముగా నుండవలయును. అతడు ముందుగా బలికినచో దక్కినవారు దమకు దోచినదానిని విడిచి, యాతడు చెప్పినదానినే చెప్పుదురు. అప్పుడు సభ్యులు పండ్రెండుగురున్నను అభిప్రాయ మొక్కటియే యగును. మఱియు బాండిత్యము గోష్ఠిలో నొకచోటనే యుండునదిగాదు. 'కన్యాశుల్కము'లోని విశాఖమండలపు నుడికారము తీరాంధ్రపండితునికి దెలియకపోవచ్చును. ఆ ప్రాంతమునుండి వచ్చిన వృద్ధురాలికి దెలియును. వట్టికోట ఆళ్వారుస్వామిగారి 'ప్రజల మనిషి'లో వర్ణింపబడిన నిజామునాటి పల్లెబ్రతుకును, వెట్టిచాకిరిని దాతలనోట విన్న రైతు, నిఘంటువులకంటె బాగుగ వివరించును. ఆనాడు పండితుడు శిష్యుడగును. అసమానుల గోష్ఠియందు లాభ మిదియే. సమానుల గోష్ఠియం దిది లభింపదు.

దీనిపై విద్వాంసులు రెండాక్షేపణములు చేయవచ్చును. తెలిసినవాని మాటకును దెలియనివాని మాటకును సమానగౌరవ మిచ్చుట విద్యకు గీడు గాదా యనునది మొదటిది. గోష్ఠి సమానముగ వినుటనే విధించుచున్నది. సమానముగ నంగీకరించుటను విధింపలేదు. 'ఆ మాట గ్రంథమున నెచ్చట నున్నది?' అను నొక్క ప్రశ్న పండితునికిని బామరునికిని నొక్కటే తీర్పరి. ఆధారము చూపలేని యభిప్రాయము ఎవనిదైనను నిలువదు. ప్రాచీనకావ్యము లీ రీతిని జదువ శక్యములా యనునది రెండవది. శక్యములే, కాని పరిమాణమును దగ్గింపవలయును. తిక్కన యుద్యోగపర్వమున శ్రీకృష్ణరాయబారఘట్టమునుండి ముప్పది పద్యములు మాత్రమే తీసికొని, ప్రతిపదార్థము వ్రాసిన పత్రమును మాసమునకు ముందుగా సభ్యులకు బంచి, గోష్ఠినాడు వానిని బాడించి, శ్రీకృష్ణుడు సంధిని నిజముగా గోరెనా యని యడిగినచో, పద్యమన్న భయపడువారు సైతము పద్యమునే చూపుచు మాటలాడుదురు. అర్థపత్రమును వ్రాయుట పాఠశాలాపండితులకు గరతలామలకము.

కడపటిది, గోష్ఠీపుస్తకము. ప్రతి కూటమికిని గ్రంథనామము, ముద్రణసంవత్సరము, వచ్చినవారి సంఖ్య, తేలక మిగిలిన ప్రశ్నలు, సభ్యులకర్థము కాని పదములు అందు వ్రాయవలయును. పొగడ్తలు వ్రాయరాదు. ఈ పుస్తకమువలన సాహిత్యపరిశోధకులకు గలుగు లాభము సామాన్యమైనదిగాదు. మనము ప్రాచీనగ్రంథములకు వ్రాయు టిప్పణములు పండితునికి గష్టమని తోచిన చోటులకే వ్రాయబడుచున్నవి; పఠిత యెచ్చట నిలిచిపోవుచున్నాడో మనకు దెలియదు. గురుత్వము, యతి, సమాసము వానికి గష్టములని మన మెంచుచుండగా, వాడు కుంచము, అడ్డ, తవ్వ యను కొలతల పేరులయొద్దనో, బంధుత్వవాచకములయొద్దనో నిలిచిపోవుచుండును. ఏ పదము ఏ తరమువారికి దెలియకపోయినదో తెలుపు లెక్క గోష్ఠీపుస్తకములందు సహజముగా నేర్పడును. నూతనముద్రణములకు దగిన టిప్పణములును, పదకోశములకు వలయు సామగ్రియు నందుండి తీసికొనవచ్చును.

కావున పాఠశాలాపండితులు తమ యూరి శాఖాగ్రంథాలయమున కొకమాఱు పోయి, ఒక గ్రంథమునకు బది ప్రతులు దొరకునేమో విచారించుట మొదటి పని. పది ప్రతులును, పదిమంది చదువరులును, వలయముగా వేసిన పది కుర్చీలును జాలును. తక్కినది గ్రంథమే చేసికొనును; మనము దాని కడ్డము రాకుండుటయే కావలసినది.